బస్తా అడుగు పప్పు

నాకు పల్లీలు పడవు, నువ్వులు పడవు, జీడిపప్పు పడదు. మూడూ మా దుకాణంలో అమ్ముతాం. వరంగల్ బజార్లో తాత పెట్టిన కిరాణా అది. తాత తర్వాత మా నాన్న నడిపాడు. ఆయన్ని మేం బాపు అంటాం. ఇప్పుడు బాపూ నేనూ కలిసి నడుపుతున్నాం. అమ్మే సరుకు నోట పెట్టలేని షావుకారు మా వీధిలో ఇంకెవరూ లేరనే అనుకుంటాను. మొదట్లో ఈ సంగతి బయటికి చెప్పుకోవడానికి నామోషీగా ఉండేది. ఇప్పుడు ఆ బాధ లేదు. ఎవరైనా వచ్చి "అక్కా, పల్లీలు మంచిగున్నయా?" అని అడిగితే, "మంచిగున్నయనే అంటాండ్రు, నేనైతే తినలే" అని చెప్పి, వాళ్లు నవ్వేదాకా చూస్తాను.

నేను శాంతమూర్తిని కాను, ఆ మాట మా ఆయన్ని అడిగినా చెబుతాడు. ఈ అలర్జీ వచ్చాక నా కోపమంతా ఒక్క మాట మీదికి మళ్లింది. "జర తింటే ఏమైతది?" పెళ్లిళ్లలో విన్నాను, చుట్టాలిళ్లలో విన్నాను, పక్క దుకాణాల్లో విన్నాను. ఏమవుతుందో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. ముందు పెదవి దురద పెడుతుంది, తర్వాత మెడ మీద దద్దుర్లు లేస్తాయి, ఆ తర్వాత గొంతు బిగుసుకుంటుంది, అప్పుడు మీరే నాకు ఆటో పిలవాల్సి వస్తుంది. అంతటితో అడిగినవాళ్లు తమ విస్తరి వైపు తిరిగిపోతారు.

ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నా అంత పల్లీలు తిన్న మనిషి మా ఇంట్లో లేదు. మా వ్యాపారంలో సరుకు చూడటమంటే కొరికి చూడటమే. బస్తా విప్పి రెండు గింజలు నోట్లో వేసుకుంటే బాగా ఎండిందా, పచ్చిగా ఉందా, నిరుటిదా, చేదెక్కిందా అన్నీ తెలిసిపోతాయి. బాపు నాకు ఆ విద్యను బడికి పోయే రోజుల్లోనే నేర్పాడు. అలాగే ఒకరోజు పొద్దున కొత్త నువ్వుల బస్తా విప్పి చిటికెడు నోట్లో వేసుకున్నాను. కాసేపటికి పెదవులు ఉబ్బాయి. "వేడి చేసింది బిడ్డా, మజ్జిగ తాగు" అన్నాడు బాపు. తాగాను, తగ్గింది. ఇంకోసారి పల్లీలకు అదే అయింది, మళ్లీ మజ్జిగే. మా ఇంట్లో ఒంటికి ఏ బాధ వచ్చినా నేరం ముందు వేడి మీదికే పోతుంది.

మూడోసారి మజ్జిగతో పోలేదు. హనుమకొండలో దగ్గరివాళ్ల పెళ్లి. గుత్తి వంకాయ కూర బాగుందని మారు వేయించుకున్నాను. చెయ్యి కడుక్కునేలోపే గొంతు బిగిసింది, మాట రాలేదు. మా ఆయన నా ముఖం చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా నన్ను ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. సూది పడ్డాక ఊపిరి తిరిగింది. ఆ తర్వాత పరీక్షలు చేయించి, డాక్టరమ్మ మూడు పేర్లు కాగితం మీద రాసిచ్చింది. అది చదివి నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఆమెకు అర్థం కాలేదు. "మాది కిరాణా దుకాణం మేడమ్" అన్నాను. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆపి గట్టిగా చెప్పింది. ఒక్క గింజ కూడా తినొద్దు, కొరికి చూడొద్దు, వాటి దుమ్ములో నిలబడొద్దు, సూదిమందు డబ్బా ఎప్పుడూ సంచిలో ఉండాలి.

దుకాణం మానేయాలన్న ఆలోచన నాకు ఒక్క పూట కూడా రాలేదు. పని పంచుకున్నాం. ఆ మూడు సరుకులనూ దుకాణంలో ఒక చివరికి జరిపాం. వాటిని తూచడం, పొట్లం కట్టడం బాపు పని. ఇంకో చివర సబ్బులు, చాయపత్తి, పిండ్లు, ఫోన్లో వచ్చే ఆర్డర్లు నావి. నడుమ పప్పుల బస్తాలు. వాటి దగ్గర ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు తూస్తాం. పల్లీల మంచిచెడ్డలు చూడటం ఇప్పుడు వేళ్లతో చేస్తానని బాపుతో అంటే, "వద్దు, ఇంకొన్నేండ్లు నా పండ్లు గట్టిగనే ఉంటయి తియ్" అన్నాడు.

అసలు యుద్ధం వంటింట్లో జరిగింది. మా వైపు వంట సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వంకాయలో పల్లీలు, నువ్వులు. పచ్చిపులుసులో నువ్వుల పొడి. ఇడ్లీకి పల్లి చట్నీ. సకినాల్లో నువ్వులు. పులిహోరలో పల్లీలు. అమ్మ కాగితం చూసి, దాన్ని పోపుల డబ్బా పక్కన పెట్టుకుంది. తర్వాత, "మరి కూరల ఏమెయ్యాలె?" అంది. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. యాభై ఏళ్లుగా చేసిన వంట చేతిలోంచి లాగేసుకుంటే ఎవరైనా అదే అడుగుతారు.

నెమ్మదిగా జవాబు దొరికింది. నాకు పుట్నాలు పడతాయని, ఎండు కొబ్బరి పడుతుందని డాక్టరమ్మ దగ్గర రూఢి చేసుకున్నాం. వంకాయలోకి కొబ్బరి, ధనియాలు, ఉల్లిగడ్డ వేయించి నూరింది అమ్మ. పచ్చిపులుసులో పొడి మానేసి ఉల్లిగడ్డను నిప్పుల మీద కాల్చి పిసికింది, అది వెనకటి దానికంటే బాగుంది. సకినాలు వాముతోనే చుట్టింది. ఒక్క సర్వపిండి దగ్గర ఇద్దరం ఓడిపోయాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి వేసి గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి అంటే నాకు ప్రాణం. అమ్మ నానబెట్టిన శనగపప్పు వేసి నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ నేను బాగుందని అబద్ధం చెప్పాను. ఐదోసారి, "నీ ముఖం చూస్తే తెలుస్తలేదా నాకు?" అని, కరివేపాకు, వెల్లుల్లి దండిగా దంచి వేసింది. అప్పుడు నిజంగానే బాగుంది.

పాత మిక్సీ గిన్నె, పాత పెనం, పాత పోపుల డబ్బా అమ్మ మా పిన్ని ఇంటికి పంపేసింది. ఆ మూడు సరుకులు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని ఆమే రూలు పెట్టింది. పల్లీలు లేకుండా అన్నం సహించని బాపు దుకాణంలోనే గుప్పెడు నమిలి, చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి ఇంటికి వచ్చేవాడు.

బయట తినడం కూడా నేర్చుకున్నాను. నేర్చుకోవడమంటే అడగడమే. టిఫిన్ సెంటర్లో చట్నీ వద్దంటే సరిపోదు, చట్నీ గరిటె సాంబార్లో పెడతారా అని అడగాలి. మిర్చి బజ్జీ తినాలంటే ఆ నూనెలో ఇంకేం వేగిందో అడగాలి. ఎవరైనా విసుక్కుంటే నేను ఇంకా గట్టిగా అడుగుతాను. పెళ్లిళ్లకు నా టిఫిన్ డబ్బా నేనే తీసుకుపోతాను. పంక్తిలో అందరితో కూర్చుని, విస్తరి వేయించుకుని, అందులో నా డబ్బా అన్నం పెట్టుకుని తింటాను. మొదటిసారి అందరూ చూశారు. మూడో పెళ్లికి ఎవరూ చూడలేదు.

మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. ఇల్లరికం వచ్చాడని చుట్టాలు ఆటపట్టిస్తే, దుకాణం పక్కనే ఇల్లుంటే ఎవడొద్దంటాడని నవ్వేస్తాడు. ఆయన తోటి ఉద్యోగి ఒకాయన రంజాన్ పండక్కి మమ్మల్ని ఇంటికి పిలిచాడు. నేను రానని ముందే చెప్పేశాను. పాయసంలో జీడిపప్పు లేకుండా పండగ ఉంటుందా? మరుసటి రోజు ఆ ఇంటావిడ తనే ఫోన్ చేసింది. "అక్కా, మీకు ఏమేం పడయో చెప్పుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి" అంది. వెళ్లేసరికి మూత పెట్టిన చిన్న గిన్నె వేరే అరలో ఉంది. "గరిటె తిప్పకముందే, ఏమీ ఎయ్యకముందే, ముందు మీది తీసిపెట్టిన" అంది. సేమ్యా, పాలు, చక్కెర, అంతే. రెండు గిన్నెలు తిన్నాను. ముందు నాది తీసిపెట్టడమన్నది నాకు అంతకుముందు ఎవరూ చేయలేదని ఇంటికి వచ్చాక తోచింది.

ఇన్ని గెలిచి కూడా ఒకచోట ఓడిపోతూ వచ్చాను. మా ఇంట్లోనే తిన్నా, అప్పుడప్పుడు మెడ మీద దద్దుర్లు లేచేవి. ఒకసారి గొంతు గరగరలాడి మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. ఇంకోసారి సూదిమందు డబ్బా చేతిలో పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. నాకు పెళ్లిళ్లంటే భయం లేదు, హోటళ్లంటే భయం లేదు. బయట భయమైతే ఇంటికొచ్చి తింటాం. ఇంట్లో అమ్మ పెట్టిన అన్నమే భయపెడితే ఎక్కడికి పోవాలి? ఆ రోజుల్లో నేను సగం కంచంతో లేచిపోయేదాన్ని. అమ్మ ఆ సగం కంచాన్ని తీసుకుపోయి కడిగేది, అది చూడటం ఇంకా కష్టంగా ఉండేది.

దద్దుర్లు లేచిన రోజు ఏం తిన్నానో క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాను. రెండు నెలల తర్వాత చూస్తే ప్రతి రోజు కిందా ఒకే మాట ఉంది: పప్పు. పాలకూర పప్పు, మామిడికాయ పప్పు, ముద్దపప్పు. అన్నీ కందిపప్పే. అలాగని కందిపప్పు తిన్న ప్రతి రోజూ దద్దుర్లు లేచాయా అంటే, అదీ లేదు. అమ్మకు చూపిస్తే ఉలిక్కిపడింది. "నా వంటింట్ల పల్లి గింజ లేదు బిడ్డా. దేవుని మీద ఒట్టు" అంది.

ఇద్దరం చేట ముందేసుకుని కూర్చున్నాం. డబ్బాలోని కందిపప్పు చేటలో పోసి అమ్మ చెరిగింది. రాళ్లు, పుల్లలు, నూక, దుమ్ము. ఆ దుమ్ములోంచి అమ్మ చూపుడు వేలికి ఒకటి అంటుకొచ్చింది. పల్లి గింజ మీది ఎర్రటి పొట్టు. ఆ వెనకే సగం గింజ. అమ్మ వేలు అలాగే గాల్లో నిలబెట్టి నా వైపు చూసింది.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త బస్తా విప్పితే మొదటి గిన్నె కొనేవాళ్లకు పోవాలి. బస్తా అడుగున మిగిలే నూక, దుమ్ము, రాళ్లు కలిసిన పప్పు కొనేవాళ్లకు అమ్మకూడదు, అది మన ఇంటికి పోవాలి. ఇది తాత పెట్టిన నియమం. "మంచిది గిరాకీకి, అడుగుది ఇంటికి" అని నా చిన్నప్పుడు బాపు గర్వంగా చెప్పేవాడు. మా ఇంట్లో పప్పు ఎప్పుడూ అడుగు పప్పే. సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుని రాళ్లు ఏరడం నా పని. బహుశా నాకు తొమ్మిదేళ్లప్పుడు, "బాపూ, మనం పై పప్పు ఎప్పుడు తింటం?" అని అడిగాను. "దుకాణం మనదే కదా, యాడికి పోతది?" అని నవ్వాడు.

మరునాడు దుకాణంలో కూర్చుని బాపు చేతినే చూశాను. తాత కాలం నాటి ఇత్తడి గిన్నె ఒకటుంది, బస్తాలోంచి సరుకు తోడి కాంటాలో పోయడానికి. అంచు అరిగి ఒక పక్క పలచబడింది. బాపు ఆ గిన్నెతో పల్లీలు తోడాడు, కాంటాలో పోశాడు, గిన్నెను అరచేత్తో ఒకసారి తట్టాడు, అదే గిన్నెను కందిపప్పు బస్తాలో దించాడు. తర్వాత నువ్వులు. మళ్లీ కందిపప్పు. నేనూ ఎన్నిసార్లు అదే గిన్నె తీసుకుని ఉంటానో. గిన్నె తెచ్చిన పొట్టూ పొడీ రోజులకొద్దీ జారి జారి బస్తా అడుక్కు చేరుతుంది. ఆ అడుగే మా ఇంటికి వస్తుంది. ఊళ్లో అందరికీ మంచి పప్పు అమ్మి, నాకు పడనిదంతా పోగుచేసి నాకే వండి పెడుతున్నాం. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, తర్వాత బాపుకు ఎలా చెప్పాలో తెలియక ఏడుపు వచ్చింది.

చెప్పడం సరిగ్గా చేతకాలేదు. "బాపూ, మన పప్పే నాకు పడ్తలేదు" అన్నాను.

"మన పప్పా?" అన్నాడు. "అరవై ఏండ్లసంది ఈ బజార్ల మన పప్పుకు ఒక్కడు వంక పెట్టలే."

గిన్నె సంగతి, అడుగు సంగతి చెప్పాను. పొట్టు చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో చూసి, చెత్తడబ్బాలో వేసి, మళ్లీ కాంటా దగ్గరికి వెళ్లిపోయాడు. నా మాట నమ్మలేదనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన హనుమకొండ నుంచి కందిపప్పు ప్యాకెట్ తెచ్చాడు, మూతి అంటించినది. మంచి మనసుతోనే తెచ్చాడు, కానీ కిరాణా దుకాణం వాళ్ల ఇంటికి బయటి నుంచి పప్పు ప్యాకెట్ రావడమంటే ఏమిటో రైల్వే ఆయనకు తెలియదు. అమ్మ దాన్ని పైట కింద దాచి లోపలికి తీసుకుపోయింది. అయినా బాపు చూశాడు. ఆ పూట చారుతో తిని లేచిపోయాడు. మూడు రోజులు నాతో సరుకు మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. నాకూ పౌరుషం వచ్చింది. తప్పు పనిచేసిన దానిలా నేనెందుకు తలదించుకోవాలి? ప్యాకెట్ పప్పు వండించుకుని, ఆయన ఎదురుగానే కూర్చుని తిన్నాను. దద్దుర్లు లేవలేదు. కానీ ఒక్క ముద్దకూ రుచి తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున నేను దుకాణానికి వెళ్లేసరికి బాపు అప్పటికే అక్కడున్నాడు. ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. "అది కాదన్నా, మీ మిల్లుల పల్లీలు ఆడుతరా ఆడరా, సాఫ్‌గ చెప్పు. నువ్వులు? ఒక్కసారి కూడ? పక్కా?" పప్పు మిల్లువాళ్లను అడుగుతున్నాడు. నేను టిఫిన్ సెంటర్లో అడిగే ప్రశ్నలు, నేను అడిగేంత మొండిగా. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. బస్తాల ముందు వరుసగా కొత్త స్టీలు గిన్నెలు ఉన్నాయి, బస్తాకొకటి. ఇత్తడి గిన్నె పల్లీల బస్తాలో ఉంది, దాని చెవికి తాడు కట్టి బస్తాకే ముడేశాడు.

నడుమ కొత్త కందిపప్పు బస్తా ఉంది, ఇంకా కుట్టు విప్పలేదు. దాని పక్కన ఇంటి నుంచి తెచ్చిన మా పప్పు డబ్బా, కడిగి ఆరబెట్టినది. అప్పుడే నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సంచి పట్టుకుని మెట్టు ఎక్కింది. మా పాత గిరాకీ. "సేటూ, రెండు కిలల కందిపప్పు పొయ్యి, బస్సుకు పోవాలె" అంది.

బాపు బస్తా కుట్టు విప్పాడు. కొత్త గిన్నె తీసుకున్నాడు. ఆవిడ సంచి నోరు తెరిచి పట్టుకుంది.

"ఆగమ్మ" అన్నాడు బాపు. "ముందు మా బిడ్డది."

ఆవిడ విడ్డూరంగా చూసింది. "ఇదేంది సేటూ, బోణీ ఇంటికే చేస్తానవా?"

"అవ్. ఇంటికే."

మొదటి గిన్నె మా డబ్బాలో పోశాడు. రెండోదీ, మూడోదీ పోశాడు. డబ్బా నిండేదాకా పోసి, మూత బిగించి, మూత అంచు చుట్టూ బొటనవేలితో నొక్కి చూసి, అప్పుడు ఆవిడకు తూచాడు. అరవై ఏళ్ల నియమం మా దుకాణంలో తప్పడం అదే మొదటిసారి. ఆ డబ్బా నాకందిస్తూ, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి నా ముఖం చూశాడు.

"ఇన్నేండ్లు నీకు అడుగుదే పెట్టిన బిడ్డా" అన్నాడు.

అది మన నియమమే కదా బాపూ అందామనుకుని, డబ్బాను రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నాను.

మధ్యాహ్నం అమ్మ ముద్దపప్పు వండింది. ముగ్గురం కూర్చున్నాం. బాపు తన కంచంలో చెయ్యి పెట్టలేదు. నేను నెయ్యి వేసుకుని కలిపి, ముద్ద పెట్టుకుని, ఇంకో ముద్ద పెట్టుకుని, కంచం ఖాళీ చేసేదాకా నా మెడనే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా కొంచెంసేపు చూశాడు.

"ఏమన్న అయితాందా?"

"ఏం కాలే బాపూ."

అప్పుడు దుకాణంలో నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పిన రోజుల్లో అడిగినట్టే అడిగాడు. "మరి సరుకెట్లున్నది?"

నలభై ఏళ్లు వచ్చాయి నాకు, కొత్త బస్తాలో పై పప్పు తినడం అదే మొదటిసారి. "ఈ ఏడాది పప్పే. గింజ నిండుగున్నది, మంచిగ ఉడికింది. అమ్మను ఇంక కొంచెం పెట్టమను" అన్నాను.

బాపు తన కంచం ముందుకు లాక్కున్నాడు.